5 వాట్ల ట్యూబ్ ఆంప్ నిరాశపరిచింది: టోన్ బాగుపడాలంటే ఏం మార్చాలి?

తీగ_మీటు (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. రెండేళ్లు డబ్బులు కూడబెట్టి మొదటిసారి ట్యూబ్ ఆంప్ (వాక్యూమ్ ట్యూబులతో నడిచే గిటార్ ఆంప్లిఫైయర్) కొన్నాను, సెకండ్ హ్యాండ్‌లో. బ్రాండ్ పేరు రాయడం లేదు. నా చేతికొచ్చిన ఒక్క పీసును చూసి కంపెనీని అనడం న్యాయం కాదు. 5 వాట్లు, లోపల రెండు ట్యూబులు: సిగ్నల్‌ను మొదట పెంచే 12ఏఎక్స్7, స్పీకర్‌ను నడిపే ఈఎల్84. 8 అంగుళాల స్పీకర్. నాబ్‌లు రెండే: వాల్యూమ్, టోన్.

వాల్యూమ్ 3 వరకు శబ్దం పల్చగా, రేకు డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంటుంది. 4 దాటిందంటే లావు తీగలు ముద్దైపోతాయి, సన్న తీగల మీద జుయ్‌మని ఒక గరుకు వచ్చి కూర్చుంటుంది. గట్టిగా ఒక కార్డ్ కొడితే శబ్దం ఒక్క క్షణం నొక్కేసినట్టు ఆగి, మళ్లీ పైకి లేస్తుంది. పైగా నేను ఏమీ వాయించకపోయినా గుఁయ్‌మనే మోత. నా పాత ట్రాన్సిస్టర్ ఆంపే నయమనిపిస్తోంది, అదే బాధ.

ట్యూబులు మారిస్తే బాగుపడుతుందా? లేక అమ్మేసి వేరేది చూసుకోవాలా? సోల్డరింగ్ వచ్చు, పెడల్ కిట్లు రెండు చేశాను. ట్యూబ్ ఆంప్ మాత్రం ఎప్పుడూ విప్పలేదు.

ఆరుతీగలు (గుంటూరు)

అన్నా, ముందు ఆ 12ఏఎక్స్7 తీసి 5751 పెట్టి చూడు. 12ఏఎక్స్7 గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచగలదో ఆ లెక్క) 100, 5751ది 70. కాళ్లు రెండింటికీ ఒకటే, నేరుగా కూర్చుంటుంది. చర్చిలో నేను వాయించే ఆంప్‌లో అదే పెట్టాను, గరుకు చాలావరకు తగ్గింది. ఇంకా తగ్గించాలంటే 12ఏవై7 ఉంది, దాని గెయిన్ 44 దగ్గర ఉంటుంది.

బ్లూస్_బాబాయి (న్యూజెర్సీ)

ట్యూబ్ కంటే ముందు స్పీకర్ సంగతి చూడండి. చిన్న పెట్టెలో 8 అంగుళాల స్పీకర్ ఉన్నంతకాలం లోపల ఏం మార్చినా సగం ఫలితమే. మీ ఊళ్లో ఎవరిదగ్గరైనా 12 అంగుళాల గిటార్ క్యాబినెట్ ఉంటే, స్పీకర్ తీగలు రెండూ దానికి కలిపి ఒక్క పావుగంట వాయించండి. పైసా ఖర్చు లేదు.

సోల్డర్_సుధ (విశాఖపట్నం)

పై ఇద్దరూ చెప్పినవి చేసి చూడదగ్గవే. కానీ తీగ_మీటు గారూ, ముందే ఏమీ కొనకండి. మీరు చెప్పిన ఒక లక్షణం నన్ను ఆపింది. గట్టిగా కొట్టినప్పుడు నొక్కేసినట్టు ఆగి మళ్లీ లేవడం స్పీకర్ వల్ల వచ్చేది కాదు, ట్యూబ్ బ్రాండ్ మారిస్తే పోయేదీ కాదు. దాన్ని బ్లాకింగ్ డిస్టార్షన్ అంటారు. ఈఎల్84 గ్రిడ్ (ట్యూబ్‌లోకి సిగ్నల్ వెళ్లే కాలు) ముందున్న కప్లింగ్ కెపాసిటర్ (ముందు ట్యూబ్ డీసీని ఆపి సిగ్నల్‌ను మాత్రం దాటించేది) గట్టి సిగ్నల్‌కు ఛార్జ్ అయిపోయి, ఆ ఛార్జ్ దిగేదాకా ట్యూబ్‌ను మూసేస్తుంది. కెపాసిటర్ ఎంత పెద్దదైతే, దాని పక్కన గ్రిడ్ నుంచి నేలకు దిగే రెసిస్టర్ ఎంత పెద్దదైతే, కోలుకోవడానికి అంత ఎక్కువసేపు పడుతుంది.

కొన్ని కొలతలు కావాలి:

మీ ఇంటి కరెంటు వోల్టేజ్, రాత్రి పూట.
ఆంప్ వెనక చీటీ మీద ఎన్ని వోల్టులని ఉంది.
ఈఎల్84 హీటర్ (ట్యూబ్‌ను లోపల వేడిచేసే తీగ) వోల్టేజ్, 4, 5 కాళ్ల మధ్య, ఏసీ.
ట్యూబ్‌లో కరెంటు పారేది ప్లేటుకు, కాథోడ్‌కు మధ్య, కాబట్టి ప్లేటు వోల్టేజ్ (7వ కాలు), కాథోడ్ వోల్టేజ్ (3వ కాలు), కాథోడ్ రెసిస్టర్ విలువ.
ఈఎల్84 గ్రిడ్ దగ్గరి కెపాసిటర్, రెసిస్టర్ విలువలు.

పాతరేడియో (తెనాలి)

తమ్ముడూ, విప్పే ముందు నా మాట విను. వాల్వు రేడియోలు (మీరు ట్యూబ్ అనేదాన్నే మేం వాల్వు అంటాం) బాగుచేస్తూ 30 ఏళ్లు గడిపాను. ఈ ఈఎల్84 మాకు కొత్తది కాదు, రేడియోల్లో ఔట్‌పుట్ వాల్వు అదే ఉండేది. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు వాల్వులు తయారుచేసే రోజులవి.

ప్లగ్గు పీకేసినా లోపలి ఫిల్టర్ కండెన్సర్లు (సప్లైని నునుపు చేసే పెద్ద కెపాసిటర్లు) 300 వోల్టులు పట్టుకుని కూర్చుంటాయి. 10 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టెన్స్ ఒకటి తీసుకో. రెండు చివర్లా ఇన్సులేషన్ ఉన్న క్రొకొడైల్ క్లిప్పులు వేసుకో. ఒక చివర చాసిస్‌కు, అంటే ఆంప్ లోహపు చట్రానికి, పెట్టి, రెండోది ఫిల్టర్ కండెన్సర్ పాజిటివ్‌కు పెట్టి, ఐదారు సెకన్లు ఉంచు. తర్వాత మీటర్ పెట్టి చూడు. సున్నా దగ్గరికి వచ్చిందని మీటర్ చెప్పాలి. ఇన్నిసార్లు చేశాం కదా, దిగిపోయే ఉంటుందిలే అనుకోవద్దు. ఒక్కోసారి దిగిన కండెన్సర్ కూడా కాసేపటికి కొంత వోల్టేజ్ మళ్లీ తెచ్చుకుంటుంది, కాబట్టి చేయి పెట్టే ప్రతిసారీ మీటర్ చూడాలి.

స్విచ్ ఆన్‌లో ఉండగా కొలిచేటప్పుడు ఎడమ చేయి జేబులో పెట్టుకో. మీటర్ నల్ల తీగ చాసిస్‌కు క్లిప్పుతో బిగించి, ఎర్ర తీగ ఒక్కటే కుడి చేత్తో పట్టుకో. కాళ్లకు చెప్పులుండాలి, నేల తడిగా ఉండకూడదు. ఇంట్లో ఇంకొకరు మెలకువగా ఉండాలి.

ఇంకో సంగతి. స్పీకర్ తగిలించకుండా ఆంప్ ఎప్పుడూ వాయించకు. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. ఇందులో మిగతావన్నీ చవకే, అదొక్కటే ఖరీదు.

తీగ_మీటు

పాతరేడియో గారూ, చాలా థ్యాంక్స్. నిజం చెప్పాలంటే చదివాక టెన్షన్‌గానే ఉంది. క్లిప్పులు, రెసిస్టర్ రేపు కోఠి గుజరాతీ గల్లీలో తీసుకుంటాను. ఆదివారం నా ఫ్రెండ్ ఇంట్లో ఉంటాడు, అప్పుడు విప్పుతాను.

సుధ గారూ, కరెంటు మాత్రం ఇప్పుడే చూశాను. రాత్రి 11 గంటలకు సాకెట్‌లో 248 వోల్టులు. ఆంప్ వెనక 220 అని రాసి ఉంది.

సోల్డర్_సుధ

అక్కడే ఒక సమస్య కనిపిస్తోంది. 220కి చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌కు 248 ఇస్తే లోపల ప్రతి వోల్టేజ్ దాదాపు 13 శాతం ఎక్కువ ఉంటుంది. మిగతా కొలతలు వచ్చాక మాట్లాడదాం.

ఆరుతీగలు

మా చర్చిలో పెద్ద పీఏ బాక్సులున్నాయి (మైకు, పాటలు వినిపించే స్పీకర్లు). 12 అంగుళాల గిటార్ క్యాబినెట్ దొరక్కపోతే వాటికి పెట్టి చూడొచ్చా?

బ్లూస్_బాబాయి

వద్దు తమ్ముడూ. ప్రమాదమని కాదు, మోసపోతావని. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక పైశబ్దాలను గబగబా తగ్గించేస్తుంది. ట్యూబ్ డిస్టార్షన్‌లోని గరుకంతా ఆ పైనే ఉంటుంది. పీఏ బాక్సులో ట్వీటర్ హారన్ ఉంటుంది కాబట్టి ఆ గరుకును ఉన్నదున్నట్టు వినిపించేస్తుంది. ఎంత మంచి ఆంప్ అయినా అందులో చెడుగానే వినిపిస్తుంది.

తీగ_మీటు (ఆదివారం)

విప్పాను. కండెన్సర్ దించడానికి పాతరేడియో గారు చెప్పినట్టే చేశాను. ఆఫ్ చేసిన 3 నిమిషాల తర్వాత కూడా మీటర్‌లో 190 వోల్టులు కనిపించింది. అది చూశాక మీ మాట విలువ అర్థమైంది.

కొలతలు:

సాకెట్ 248. హీటర్ 7.1 వోల్టులు.
ఈఎల్84 ప్లేటు 287, కాథోడ్ 7.7, కాథోడ్ రెసిస్టర్ 120 ఓములు.
గ్రిడ్ ముందు కెపాసిటర్ 0.1 మైక్రోఫారడ్, గ్రిడ్ నుంచి నేలకు 470 కిలో ఓములు. గ్రిడ్ కాలుకు నేరుగా తీగే వచ్చింది, మధ్యలో రెసిస్టర్ ఏమీ లేదు.
12ఏఎక్స్7 మొదటి సగం కాథోడ్‌కు 1.5 కిలో ఓములు, దాని మీద 22 మైక్రోఫారడ్. రెండో సగం కాథోడ్‌కు 1.5 కిలో మాత్రమే, కెపాసిటర్ లేదు. స్పీకర్ నుంచి 22 కిలో రెసిస్టర్ ఒకటి ఆ కాథోడ్‌కే వస్తోంది.
వాల్యూమ్ పాట్ (నాబ్ వెనకుండే, తిప్పితే విలువ మారే రెసిస్టర్) మీద 470 పికోఫారడ్ చిన్న కెపాసిటర్ ఉంది.

సోల్డర్_సుధ

బాగా కొలిచారు. ఇప్పుడు లెక్క చూద్దాం.

కాథోడ్ 7.7 వోల్టులు, రెసిస్టర్ 120 ఓములు, అంటే 64 మిల్లీఆంపులు. అందులో స్క్రీన్ గ్రిడ్‌కు (ట్యూబ్‌లోని ఇంకో గ్రిడ్) ఓ 6 పోతుందనుకుంటే ప్లేటుకు 58. ప్లేటుకు, కాథోడ్‌కు మధ్య 279 వోల్టులు. గుణిస్తే 16 వాట్లు దాటింది. ఈఎల్84 ప్లేటు భరించే గరిష్ఠం 12 వాట్లు. మీరేమీ వాయించకుండా కూర్చున్నా అది హద్దుకు మూడో వంతు పైన కాలుతోంది. హీటర్ 6.3 ఉండాల్సింది 7.1 ఉంది. 10 శాతం అటూఇటూ అయితే పర్వాలేదు, అంటే 6.9 దాకా. మీది అదీ దాటింది.

ఇలా నడిచే ట్యూబ్ త్వరగా చస్తుంది. టోన్ కూడా పోతుంది. మధ్యబిందువు తప్పిపోయి, సిగ్నల్ ఒకవైపు ముందే తెగిపోతుంది. మీరు కొత్త ట్యూబులు కొని పెట్టి ఉంటే వారం బాగుండి, మళ్లీ ఇదే కథ అయ్యేది.

నేనైతే ఈ వరుసలో వెళ్తాను. ఒక్కొక్కటీ మార్చాక వాయించి చూడండి, ఒకేసారి రెండు మార్చకండి. అలా చేస్తే ఏది పనిచేసిందో మీకు ఎప్పటికీ తెలీదు.

మొదటిది కరెంటు. ఆంప్‌కు 220 దగ్గర అందేట్టు చూడండి. సర్వో స్టెబిలైజర్‌ను 220కి సెట్ చేసుకోవడం మంచి దారి. రిలే స్టెబిలైజర్ మెట్లు మెట్లుగా దూకుతుంది, దీనికి నప్పదు. పరీక్షకైతే చిన్న డిమ్మర్‌స్టాట్ (నాబ్ తిప్పి వోల్టేజ్ మార్చుకునే ట్రాన్స్‌ఫార్మర్) చాలు. కానీ బయట వోల్టేజ్ మారితే దాని ఔట్‌పుట్ కూడా మారుతుందని గుర్తుంచుకోండి. ఏది వాడినా ఎర్త్ తీగ తెగకుండా ఆంప్ దాకా రావాలి.

రెండోది కాథోడ్ రెసిస్టర్. కరెంటు సరయ్యాక మళ్లీ కొలిచి చెప్పండి. బహుశా 180 ఓములు, 2 వాట్లది సరిపోతుంది.

మూడోది ఆ నొక్కుడు. 0.1 ఇంటూ 470 కిలో అంటే 47 మిల్లీసెకన్లు. 0.022 పెట్టి 220 కిలో చేస్తే 5 మిల్లీసెకన్ల లోపుకు వస్తుంది. బేస్ పోతుందని భయపడకండి. ఆ విలువలతో 33 హెర్ట్జ్ దాకా పోతుంది, మీ గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్. గ్రిడ్ కాలు మీదే 10 కిలో రెసిస్టర్ ఒకటి పెట్టండి, ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది.

కోఠి_కుర్రాడు (హైదరాబాద్)

ఇంత చేస్తున్నప్పుడు ఆ కప్లింగ్ కెపాసిటర్లు మంచివి వేసుకోండి బ్రో. బయటి నుంచి తెప్పించే నూనె కాగితం కెపాసిటర్లు ఖరీదే, కానీ టోన్‌లో తేడా తెలుస్తుంది. నా ఆంప్‌లో వేశాక ఎవరైనా తీయమన్నా తీయను.

సోల్డర్_సుధ

కోఠి_కుర్రాడు గారూ, మీకు నచ్చితే అది మీ ఇష్టం, నేను కాదనను. కానీ ఆ డబ్బు దాచుకుని ఏదైనా కొనాలనుకునేవాళ్ల కోసం నా అనుభవం చెప్తాను. నేను ఒకే ఆంప్‌లో స్విచ్ పెట్టి, మామూలు పాలియెస్టర్ ఫిల్మ్ కెపాసిటర్‌ను, ఖరీదైనదాన్ని పక్కపక్కన విన్నాను. మొదట తేడా వినిపించింది. తర్వాత మీటర్‌తో కొలిస్తే ఒకటి 0.0205, ఇంకోటి 0.0248. విలువలు సమానంగా ఉండే జతను ఏరి మళ్లీ విన్నాను, ఏది ఏదో నేను చెప్పలేకపోయాను.

పాత ఆంప్‌లో మాత్రం కెపాసిటర్ మార్చడానికి గట్టి కారణం ఒకటుంది. కాలం గడిచి డీసీ కారుతుంటే ముందు ట్యూబ్ ప్లేటు వోల్టేజ్ కొంత తర్వాతి గ్రిడ్ మీదకు వస్తుంది, బయాస్ (సిగ్నల్ లేనప్పుడు ట్యూబ్ నిలబడే స్థితి) అంతా పాడవుతుంది. గ్రిడ్ దగ్గర మీటర్ పెడితే తెలిసిపోతుంది. అప్పుడు మార్చాల్సిందే.

కోఠి_కుర్రాడు

విలువ కొలిచి చూడాలనే ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు మేడమ్. నావి పీకి కొలుస్తాను. తీగ_మీటు బ్రో, 400 వోల్టుల కంటే తక్కువ రేటింగ్ ఉన్నది మాత్రం తీసుకోకండి. షాపులో 250 వోల్టులది చేతిలో పెట్టేస్తారు, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. 630 ఉంటే అదే అడగండి.

బ్లూస్_బాబాయి

ఒక అభ్యంతరం. ఈఎల్84 వేడిగా నడపడం కొత్తేమీ కాదు. వాక్స్ కంపెనీ ఏసీ30 ఆంప్‌లో నాలుగు ఈఎల్84లకు కలిపి ఒకటే 50 ఓముల కాథోడ్ రెసిస్టర్. అవి హద్దు దగ్గర, ఒక్కోసారి హద్దు పైనే కాలుతుంటాయి. ఆ ఆంప్ టోన్ కోసం ప్రపంచమంతా ప్రాణం పెడుతుంది. చల్లబరిస్తే ఆ జీవం పోదా?

సోల్డర్_సుధ

ఏసీ30 మీద నాకూ అంతే ప్రేమ ఉంది బాబాయి గారూ. కానీ అది పుష్-పుల్ (ట్యూబులు జతగా, చెరో సగం సిగ్నల్‌ను మోస్తాయి), ఇది సింగిల్ ఎండెడ్ (ఒకే ట్యూబ్ మొత్తం మోస్తుంది). ఏసీ30లో నెగటివ్ ఫీడ్‌బ్యాక్ (ఔట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి గెయిన్‌ను అదుపులో పెట్టడం) లేదు, ఇందులో ఉంది, స్పీకర్ నుంచి వచ్చే ఆ 22 కిలో అదే. అక్కడ నాలుగు ట్యూబులు, దానికి తగ్గ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నాయి. ఇక్కడ ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ అసలే చిన్నది. సింగిల్ ఎండెడ్‌లో ట్యూబ్ డీసీ అంతా దాని చుట్ట గుండానే వెళ్లి, కోర్‌ను (లోపలి ఇనుమును) ఒకవైపే అయస్కాంతంగా చేస్తుంది. 58 మిల్లీఆంపులు పోతుంటే కోర్ ముందే నిండిపోయి బేస్ కుదేలవుతుంది. లావు తీగలు ముద్దవడానికి అది కూడా ఒక కారణమని నా ఊహ. కరెంటు తగ్గిస్తే తెలిసిపోతుంది.

తీగ_మీటు (నాలుగు రోజుల తర్వాత)

డిమ్మర్‌స్టాట్ పెట్టి 220 ఇచ్చాను. హీటర్ సరిగ్గా 6.3కి వచ్చింది! 120 తీసి 180 ఓములు వేశాను. ఇప్పుడు ప్లేటు 268, కాథోడ్ 8.3.

సోల్డర్_సుధ

46 మిల్లీఆంపులు. స్క్రీన్‌కు 5 తీసేస్తే 41. ఇంటూ 260 అంటే 10.7 వాట్లు. ఇక్కడే ఉంచండి.

తీగ_మీటు

విన్నది చెప్తాను. శబ్దం కొంచెం తగ్గుతుందని అనుకున్నాను, నాకు ఆ తేడా తెలియలేదు. లావు తీగల మీద ఈ (E), ఏ (A) కార్డులు కొడితే ఇదివరకు అన్నీ కలిసి ఒక ముద్దగా వచ్చేవి, ఇప్పుడు తీగ తీగ విడిగా వినిపిస్తోంది. సుధ గారి ఊహ నిజమే.

తర్వాత 0.022, 220 కిలో, గ్రిడ్ మీద 10 కిలో వేశాను. నొక్కుడు పూర్తిగా పోయింది. ఇంతకాలం అది నా చేతి లోపమనుకున్నాను, నేనే గట్టిగా కొడుతున్నానని.

జుయ్‌మనే గరుకు తగ్గింది కానీ ఉంది. వాల్యూమ్ తక్కువలో పల్చగా, సూదిలా ఉండటమూ అలాగే ఉంది. మోత అలాగే ఉంది.

ఆరుతీగలు

పల్చగా ఉండటానికి వాల్యూమ్ పాట్ మీది ఆ 470 పికో కారణమేమో? నా ఆంప్‌లో అక్కడ 120 ఉంది.

సోల్డర్_సుధ

కచ్చితంగా అదే. దాన్ని బ్రైట్ కెపాసిటర్ అంటారు. వాల్యూమ్ తక్కువలో ఉన్నప్పుడు సన్నటి శబ్దాలు పాట్‌ను దాటేసి నేరుగా వెళ్లిపోతాయి, లావు శబ్దాలు మాత్రం పాట్ గుండా వెళ్లి తగ్గుతాయి. వాల్యూమ్ పూర్తిగా పెంచితే దాని ప్రభావమే ఉండదు. ఇంట్లో చిన్నగా వాయించేవాళ్లకు 470 చాలా ఎక్కువ. ఒక కాలు ఊడదీసి వినండి. మరీ మూసుకుపోయినట్టుంటే 100 లేదా 120 వేయండి.

తర్వాత మొదటి కాథోడ్ మీది 22 మైక్రోఫారడ్ తీసి 0.68 లేదా 1 వేసి చూడండి. 22 ఉంటే గిటార్‌లోని శబ్దాలన్నిటికీ పూర్తి గెయిన్ దొరుకుతుంది. 0.68 పెడితే దిగువ శబ్దాలకు గెయిన్ తగ్గి, మధ్య నుంచి పైకి పూర్తిగా ఉంటుంది. బేస్ తక్కువగా వెళ్తే తర్వాతి స్టేజ్ ముద్దగా విరగదు.

బ్లూస్_బాబాయి

ఆ 0.68 మాట వచ్చింది కాబట్టి నాకు ఇష్టమైన విషయం కాస్త రాస్తాను, ఓపికగా చదవండి.

నచ్చని ఆంప్‌ను మార్చుకోవడం మనం కొత్తగా చేస్తున్న పని కాదు. ఫెండర్ బాస్‌మన్ 5ఎఫ్6-ఏ అనే ఆంప్‌ను 1950ల చివర్లో బాస్ గిటార్ కోసం చేశారు. నాలుగు 10 అంగుళాల జెన్సెన్ స్పీకర్లు, వెనక తెరిచిన పెట్టె. బాస్ వాళ్ల కంటే గిటార్ వాళ్లే దాన్ని ఎక్కువ ఇష్టపడ్డారు. లండన్ పడమటి వైపు హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్‌కు డ్రమ్ముల షాపు ఉండేది. 1962లో ఆయన దగ్గర పనిచేసే కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్‌లతో కలిసి బాస్‌మన్ సర్క్యూట్‌నే ఆధారం చేసుకుని జేటీఎం45 తయారుచేశారు. కాగితం మీద రెండూ అన్నదమ్ములే. కానీ మొదటి ట్యూబ్ 12ఏవై7 ఉన్నచోట ఈసీసీ83 పెట్టారు, అంటే మన 12ఏఎక్స్7. గెయిన్ 44 నుంచి 100కు పెరిగింది. ఔట్‌పుట్‌లో తర్వాత కేటీ66 ట్యూబులు వచ్చాయి. స్పీకర్లు సెలెస్టియన్ 12 అంగుళాలవి, వెనక మూసిన పెట్టెలో. ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ విలువ 27 కిలోనే, కానీ ఫెండర్ ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ 2 ఓముల కొస నుంచి తీసుకుంటే వీళ్లు 16 ఓముల కొస నుంచి తీసుకున్నారు, కాబట్టి ఫీడ్‌బ్యాక్ పెరిగింది. విని చూస్తే రెండు వేర్వేరు వాద్యాలు.

1960ల చివరికొచ్చేసరికి మార్షల్ లీడ్ ఆంపుల్లో కాథోడ్‌కు 2.7 కిలో, దాని మీద 0.68 మైక్రోఫారడ్ వేశారు. సుధ గారు చెప్పిన విలువ అక్కడిదే. బేస్ తగ్గించి మధ్య శబ్దాన్ని ముందుకు తెచ్చారు. రాక్ గిటార్ అనగానే మన చెవిలో మోగే శబ్దానికి ఆ చిన్న భాగం కూడా ఒక కారణం.

వాక్స్‌లోనూ అంతే. ఏసీ30 పైశబ్దం చాలడం లేదని వాయించేవాళ్లు అడిగితే టాప్ బూస్ట్ అనే చిన్న సర్క్యూట్‌ను విడిగా తయారుచేసి వెనక పలకలో బిగించేవాళ్లు. ఇప్పుడు ఏసీ30 అంటే టాప్ బూస్టే అనుకుంటాం. మొదట్లో అదొక అదనపు ముక్క.

అందుకే తీగ_మీటు, మీ ఆంప్‌ను అమ్మేయకండి. ట్రాన్స్‌ఫార్మర్లు బతికుంటే మిగతాదంతా మీ చేతుల్లోనే ఉంది.

పాతరేడియో

మంచి సంగతులు రాశారు బాబాయి గారూ. ఇవన్నీ నాకు తెలియవు. మేం ఈసీసీ83 రేడియోగ్రామ్‌ల్లో చూసేవాళ్లం, గిటార్‌కు పెడతారని ఊహించలేదు.

తమ్ముడూ, మోత సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అది ఎలాంటి మోత? మందంగా గుఁ అంటోందా, కొంచెం పదునుగా జుంయ్ అంటోందా?

బ్లూస్_బాబాయి

దానికి గిటార్‌తోనే పోల్చి చూడొచ్చు. మాకిక్కడ 60 హెర్ట్జ్ కరెంటు కాబట్టి సప్లై మోత 120 హెర్ట్జ్. ఏ (A) తీగ మొదటి, రెండో ఫ్రెట్ల మధ్యలో పడుతుంది. మీకు 50 కాబట్టి లెక్క వేరే ఉంటుంది.

సోల్డర్_సుధ

అవును, మనకు సప్లై మోత 100 హెర్ట్జ్. లావు ఈ (E) తీగ మూడో ఫ్రెట్ 98 హెర్ట్జ్, కాబట్టి దాదాపు దానితో కలుస్తుంది. దానికి ఒక ఆక్టేవ్ కింద మోగితే 50 హెర్ట్జ్, అంటే హీటర్ తీగల నుంచి వస్తున్నట్టు. 100 అయితే ఫిల్టర్ కెపాసిటర్లు చాలడం లేదు లేదా ఎండిపోయాయి.

తీగ_మీటు

మూడో ఫ్రెట్ మీటి విన్నాను. మోత దానికి ఒక ఆక్టేవ్ కింద ఉంది, అంటే హీటర్. పైన కొంచెం 100 కూడా ఉన్నట్టుంది.

పాతరేడియో

హీటర్ వైండింగ్‌కు (ట్రాన్స్‌ఫార్మర్‌లో హీటర్‌కిచ్చే చుట్ట) సెంటర్ ట్యాప్, అంటే మధ్యలోంచి తీసిన తీగ, ఉందా? లేకపోతే రెండు కొసల్లో ఒకటి నేరుగా చాసిస్‌కు పోయిందా?

తీగ_మీటు

ఒక కొస నేరుగా చాసిస్‌కే పోయింది.

పాతరేడియో

దొరికింది. ఆ కలుపు ఊడదియ్యి. రెండు కొసల నుంచీ చెరొక 100 ఓముల రెసిస్టెన్స్ పెట్టి, ఆ రెండిటినీ కలిపి చాసిస్‌కు ఇవ్వు. అర వాటువి చాలు. రెండూ సమానంగా ఉండాలి, మీటర్‌తో ఏరుకో. హీటర్ తీగలు రెండూ జడలా గట్టిగా మెలేసి, గ్రిడ్ తీగలకు దూరంగా చాసిస్ మూలకు నొక్కిపెట్టు. రేడియోల్లో మేం ఇదే చేసేవాళ్లం.

తీగ_మీటు (తర్వాతి ఆదివారం)

ఇవాళ రోజంతా దీనితోనే గడిచింది.

హీటర్ పని చేశాక గుఁయ్‌మనే మోత మాయమైంది. నాకు నమ్మకం కుదరక స్పీకర్ దగ్గర చెవి పెట్టి విన్నాను. సన్నగా 100 హెర్ట్జ్ మిగిలింది. రెండో ఫిల్టర్ కెపాసిటర్ 10 మైక్రోఫారడ్ ఉంటే, దాన్ని 22 మైక్రోఫారడ్, 450 వోల్టులది చేశాను. ఇప్పుడు వాల్యూమ్ 5 మీద కూడా గది నిశ్శబ్దంగా ఉంది.

బ్రైట్ కెపాసిటర్ పూర్తిగా తీసేస్తే మూసేసినట్టు అనిపించింది, అందుకే 100 పికో వేశాను. మొదటి కాథోడ్‌కు 0.68 వేసి ఒక గంట, 1 వేసి ఒక గంట వాయించాను. నా గిటార్‌లో ఉన్నవి సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగల శబ్దాన్ని పట్టేవి), దానికి 0.68 మరీ సన్నబడినట్టు తోచింది. 1 మైక్రోఫారడ్ ఉంచేశాను.

ఫీడ్‌బ్యాక్ 22 కిలోకు చిన్న స్విచ్ పెట్టాను. తీసేస్తే గెయిన్ పెరిగి, శబ్దం వదులుగా, దూకుడుగా వస్తోంది. ఉంటే బిగువుగా ఉంటుంది. మెల్లగా వేళ్లతో వాయించేటప్పుడు ఫీడ్‌బ్యాక్ ఉంచుతాను, ఒక్కో నోట్ సోలో వాయించేటప్పుడు తీసేస్తాను.

ఆఖరికి సాయంత్రం ఫ్రెండ్ వాళ్ల 12 అంగుళాల క్యాబినెట్‌కు కలిపాం. అదీ 8 ఓములే. మొదటి కార్డ్‌కే మావాడు వాయించడం ఆపేసి నా వైపు చూశాడు. వాల్యూమ్ 6 దగ్గర మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే చిరిగిన స్వరం. ఎంత గట్టిగా మీటితే అంత. రెండేళ్లు దీనికోసమే డబ్బు దాచాను. పాత 8 అంగుళాల దానికి మళ్లీ మార్చి విన్నాను. అది కూడా ఇప్పుడు బాగుంది, కానీ జుయ్ కొంచెం మిగిలే ఉంది. మిగతాది స్పీకర్‌దే. బాబాయి గారు మొదటి రోజే చెప్పారు.

ట్యూబులు మాత్రం ఇంకా పాతవే. ఒక్కటీ కొనలేదు.

ఆరుతీగలు

అన్నా, 5751 అని ముందే చెప్పి నిన్ను తప్పుదారి పట్టించబోయాను, ఏమీ అనుకోకు. నా ఆంప్ కూడా విప్పి కొలుస్తాను. మా చర్చిలో రాత్రి 245 దాకా చూపిస్తోంది.

సోల్డర్_సుధ

5751 తప్పు కాదు ఆరుతీగలు గారూ, మీకు గెయిన్ తగ్గాలి, అది తగ్గించింది. ఆయన సమస్య వేరు. మీ కొలతలు విడిగా పెట్టండి, అక్కడ చూద్దాం. వెనక చీటీ మీద ఎంత రాసుందో మర్చిపోకుండా రాయండి.

తీగ_మీటు గారూ, డిమ్మర్‌స్టాట్ నాబ్ మీద టేపు వేసి కదలకుండా చేయండి. పొరపాటున ఎవరైనా పూర్తిగా తిప్పితే 248 దాటి వస్తుంది. వీలైనంత త్వరగా సర్వోకు మారండి.

పాతరేడియో

తమ్ముడూ, తీసేసిన భాగాలు పారేయకు. ఆ 120, ఆ 0.1, ఆ 470 కిలో, అన్నీ ఒక కవర్‌లో వేసి పెట్టె లోపల అంటించు. పక్కనే ఒక కాగితం మీద ఏది ఎక్కడి నుంచి తీశావో, తేదీతో సహా రాసి పెట్టు. రేపు ఇంకొకడు దాన్ని విప్పితే వాడికి అర్థం కావాలి.

తీగ_మీటు

ఇప్పుడే అంటించాను పాతరేడియో గారూ. కాగితం మీద ముందు కొలతలు, తర్వాత కొలతలు కూడా రాశాను. పైన ఎర్ర పెన్నుతో, విప్పే ముందు కండెన్సర్ దించమని రాశాను.